అయిదు నిమిషాలే అంకుల్!

కాలేజీ గేటు దగ్గర రోజూ వినిపించే మాట అది. అనేవాళ్లకు చాలా చిన్న మాట. అక్కడ విజిల్ పట్టుకుని నిలబడే ఆ పెద్దమనిషికీ మొన్నమొన్నటిదాకా చిన్న మాటే. ఓ సాయంత్రం ఆ లెక్క మారిపోయింది.

ఉదయం ఎనిమిదిన్నర. వరంగల్ నగరంలో ఓ విద్యాసంస్థ గేటు. ఏ సంస్థ అన్నది ముఖ్యం కాదు. ఇలాంటి గేటు, అక్కడ ఇలాంటి మనిషి ఏ ప్రాంగణంలోనైనా ఉంటారు.

వెలిసిపోయిన నీలం యూనిఫాం. జేబులో విజిల్. చేతిలో క్లిప్పు పెట్టిన అట్ట, దానికి నాలుగు కాగితాలు. వయసు యాభై ఆరు. చదివింది ఏడో తరగతి. చేసే పని... డిగ్రీలూ పీజీలూ పీహెచ్‌డీలూ చేసినవాళ్లకు బండి ఎక్కడ పెట్టాలో చెప్పడం!

'బిడ్డా, గీడ పెట్టకు. తోవకు అడ్డమైతది.'

'అయిదు నిమిషాలే అంకుల్. గిట్ల వోయి గట్ల వస్త.'

కుర్రాడు హ్యాండిల్ లాక్ చేసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మాయమైపోతాడు. ఆ బండి మాత్రం 'నో పార్కింగ్' బోర్డు కింద మధ్యాహ్నం దాకా అలాగే ఉంటుంది. రోజుకు ఇలాంటి 'అయిదు నిమిషాలు' ఎన్నో. ఆయన లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది.

నాగలి వదిలి... విజిల్ పట్టి

ఆయనది నగరం అంచున ఉన్న పల్లె. రెండెకరాల చెలక. పత్తి వేశారు. ఒక ఏడు వాన ముంచింది, ఇంకో ఏడు ధర ముంచింది. బోరు ఎండిపోయిన ఏడాది ఓ ప్రైవేటు ఏజెన్సీ ద్వారా ఈ ఉద్యోగంలో చేరారు. అది జరిగి పదకొండేళ్లు. ఇప్పటికీ ఎనిమిది కిలోమీటర్లు సైకిల్ తొక్కుకుంటూ వస్తారు. ఆ సైకిల్ గేటు వెనక వేపచెట్టు కింద, గీత గీసినట్టు గోడ వారగా నిలబడి ఉంటుంది.

చేరిన మొదటి రోజు సూపర్‌వైజర్ మూడు ముక్కలు చెప్పాడు. స్టిక్కరు లేని బండిని ఆపాలి. పేరూ నంబరూ రిజిస్టర్లో రాయాలి. ఎవరితోనూ గొడవ పెట్టుకోకూడదు.

'మొదటి రెండూ చేస్తే మూడోది ఎట్ల కుదురుతది సార్?' అని ఈయన అప్పుడే అడిగారు. సూపర్‌వైజర్ నవ్వేసి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్నకు పదకొండేళ్లయినా జవాబు దొరకలేదు.

గేటు దగ్గర నిలబడితే మనుషుల గురించి తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదంటారాయన. బండి ఎంత పెద్దదైతే అద్దం అంత తక్కువ దిగుతుందట! రెండంగుళాలు దిగిన ఆ అద్దంలోంచి వచ్చే మాట ఒకటే: 'నేనెవరో తెలుసా?' తెలియదు. తెలియకపోవడమే ఆయన ఉద్యోగం. తెలిసినవాళ్లను వదిలేస్తే కాగితం మీద నంబర్లు రాయడం ఎందుకు?

అడ్మిషన్ల రోజుల్లో కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. పిల్ల హాస్టల్ గది దాకా కారు పోవాల్సిందే. పరుపు, బకెట్టు, పచ్చళ్ల జాడీలు ఉన్నాయిగా మరి! ఆకలేసిన పిల్లలకు బిర్యానీ పొట్లం తెచ్చే కుర్రాళ్లది ఇంకో బాధ. వాళ్ల ఫోన్లో గడియారం పరుగెత్తుతుంటుంది. వాళ్లను ఆపి సంతకం అడగాలంటే ఆయనకే ప్రాణం ఒప్పదు. 'ఆళ్లు నాలెక్కనే. ఇంకోని టైముకు ఉరుకుడే' అంటారు.

ఒక్క ముసలి ప్రొఫెసరు మాత్రం రోజూ కారు స్టాండులోనే పెడతారు. అక్కణ్నుంచి రెండొందల అడుగులు నడుస్తారు. దారిలో ఈయన్ను చూసి 'బాగున్నవా?' అంటారు. ఆ మాట వినపడిన రోజు ఆయన విజిల్ కాస్త గట్టిగా మోగుతుంది.

సైకిళ్ల కాలం

వరంగల్ చదువుల ఊరు. 1959 అక్టోబరు 10న అప్పటి ప్రధాని నెహ్రూ ఇక్కడ రీజనల్ ఇంజినీరింగ్ కళాశాలకు శంకుస్థాపన చేశారు. దేశంలో అలాంటి కళాశాలల్లో అదే మొదటిది. 2002లో అది నిట్ అయింది. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959లో పుట్టిందే. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రంగా ఉన్నది 1976లో కాకతీయ విశ్వవిద్యాలయంగా మారింది.

ఈ ప్రాంగణాలకు గీతలు గీసిన నాడు రోడ్లు ఎవరికోసం వేశారు? నడిచేవాళ్ల కోసం, సైకిళ్ల కోసం. అప్పట్లో లెక్చరరు గారు కూడా సైకిలు మీదే వచ్చేవారు. ఎవరింట్లోనైనా స్కూటరు ఉంటే అది విశేషం. బుక్ చేసి ఏళ్లతరబడి ఎదురుచూసిన రోజులవి. తర్వాత లూనాలు వచ్చాయి, బైకులు వచ్చాయి, వాయిదాల పద్ధతిలో ఎవరైనా కొనుక్కునే రోజులు వచ్చాయి. పిల్లలు పెరిగారు, కోర్సులు పెరిగాయి, భవనాలు పెరిగాయి. రోడ్డు వెడల్పు మాత్రం అంతే.

ఊరూ పెరిగింది. ఒకప్పుడు వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్లు. ఇప్పుడు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఊరికి దూరంగా, ప్రశాంతంగా ఉంటుందని ఎంచుకున్న చోట్ల పక్కనే చౌరస్తాలు, హోటళ్లు, కోచింగ్ సెంటర్లు వెలిశాయి. గేట్లు తెరిచి ఉన్న ప్రాంగణమైతే చాలు, అటూ ఇటూ పోయేవాళ్లకు అది అడ్డదారి. సిగ్నల్ తప్పించుకోవడానికి ఇంతకన్నా మంచి తోవ ఏముంది!

ఇప్పుడు కొత్త చిక్కొకటి తోడైంది. కరెంటు స్కూటర్లు. చప్పుడు చేయవు. పుస్తకం చదువుకుంటూనో, ఫోన్ చూసుకుంటూనో నడిచే పిల్లల వెనక నుంచి నిశ్శబ్దంగా వచ్చేస్తాయి. ఒకప్పుడు చెవులే కాపాడేవి. ఇప్పుడు కళ్లు తిప్పి చూస్తేనే!

లోపలిది రోడ్డు కాదా?

'బయట పోలీసులుంటారు కాబట్టి హెల్మెట్. లోపల ఎవరున్నారని?' గేటు దాటగానే చాలామంది పిల్లలు హెల్మెట్ తీసి మోచేతికి తగిలించుకుంటారు. అంటే అది తల కోసం కాదు, చలానా కోసం అన్నమాట.

మోటారు వాహనాల చట్టం 1988లోని రెండో సెక్షన్ చూస్తే సంగతి తెలుస్తుంది. ప్రజలకు వెళ్లే హక్కున్న ప్రతి చోటూ 'బహిరంగ ప్రదేశమే'. అది రాకపోకల దారే కానక్కర్లేదు. అంటే కాంపౌండు గోడ కట్టినంత మాత్రాన చట్టం గేటు బయట ఆగిపోదు. బండి మీద వెనక ఒక్కరే కూర్చోవాలన్నది 128వ సెక్షన్. హెల్మెట్ పెట్టుకోవాలన్నది 129. ఇతరులకు ప్రమాదమో, అడ్డమో అయ్యేలా బండిని వదిలేసి పోకూడదన్నది 122. వీటికి తోడు లోపల ఎంత వేగంతో వెళ్లాలి, ఎక్కడ నిలపాలి, ఎవరికి స్టిక్కరు ఇవ్వాలి అన్న నిబంధనలు సంస్థలు సొంతంగా పెట్టుకుంటాయి.

హారన్ సంగతీ ఉంది. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40 దాటకూడదు. మనం మామూలుగా మాట్లాడుకుంటేనే అరవై దాకా వస్తుంది. ఇక సైలెన్సర్ మార్చిన బుల్లెట్ బండి సంగతి చెప్పాలా?

వేగానికి హద్దు పెట్టడం వెనక చిన్న లెక్క ఉంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. ఎదురుగా ఎవరైనా అడ్డొస్తే 'బ్రేకు వెయ్యాలి' అని మెదడుకు తట్టడానికే దాదాపు సెకను పడుతుంది. అంటే బ్రేకు పడేలోపే ముప్పై ఆరడుగులు దూసుకుపోయినట్టు. వేగం ఇరవైకి తగ్గిస్తే ఆ దూరం సగమవుతుంది. దెబ్బలోని శక్తి అయితే నాలుగో వంతుకు పడిపోతుంది. ఫిజిక్సు చదివే పిల్లలకు ఇది పరీక్షలో వస్తే పూర్తి మార్కులు వేయించుకుంటారు. యాక్సిలరేటర్ మీద చెయ్యి పడితే మాత్రం గుర్తుండదు.

నోబెల్ వస్తే పార్కింగ్

ఇది మన ఊరి గొడవే అనుకుంటే పొరపాటు. 1958 నుంచి 1967 దాకా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా ఉన్న క్లార్క్ కెర్, ఎవరి దారి వారిదైన ప్రొఫెసర్లను ఒక్కటిగా కలిపి ఉంచేది పార్కింగ్ మీద ఫిర్యాదే అని చమత్కరించేవారు. అదే విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో నోబెల్ బహుమతి వచ్చిన ఆచార్యులకు దక్కే గౌరవాల్లో ఒకటేమిటో తెలుసా? వాళ్లకంటూ ప్రత్యేకంగా కేటాయించిన పార్కింగ్ జాగా! కారు పెట్టుకునే చోటు అంత అపురూపం మరి.

మన దగ్గర చెన్నై ఐఐటీలో హాస్టల్ పిల్లలకు మోటారు బళ్లు నిషేధం. ఎంత దూరమైనా సైకిలో, నడకో, క్యాంపస్ బస్సో. అడవిలాంటి ఆ ప్రాంగణంలో జింకలు నిర్భయంగా రోడ్డు దాటుతాయి. అక్కడి పిల్లలేమీ చదువులో వెనకబడిపోలేదు.

అలాగని తప్పంతా పిల్లల మీదికి నెట్టడమూ న్యాయం కాదు. వరంగల్‌లో మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పైకప్పు లేని స్టాండులో నాలుగు గంటలు పెట్టిన బండి సీటు మీద కూర్చోగలరా? అందుకే చెట్టు నీడ కనిపిస్తే చాలు, అది మలుపైనా సరే, అక్కడ పది బళ్లు చేరతాయి. స్టాండుకు నీడ, రాత్రిళ్లు దీపం, నేల మీద గీతలు, లోపల తిరగడానికి ఓ చిన్న బస్సు... ఇవి లేకుండా బోర్డులు మాత్రమే పెడితే ఆ బోర్డులు బళ్లకు నీడనివ్వడానికే పనికొస్తాయి. ఇంకొకటి. పెద్దసారు కారు పోర్టికోలో మెట్లకు అడ్డంగా ఆగి ఉన్నంతకాలం పిల్లల బండికి గొలుసు వేసే నైతిక హక్కు ఎవరికుంటుంది?

ఆ సాయంత్రం

ఆ రోజు ప్రాంగణంలో పండగ. విద్యార్థుల ఉత్సవం. బయటి కాలేజీల నుంచి కూడా పిల్లలు వచ్చారు. గేటు దగ్గర రాయలేక ఆయన చెయ్యి నొప్పిపుట్టింది. లైబ్రరీ ముందు స్టాండు ఉంది. సగం ఖాళీ. కానీ అది నూటయాభై అడుగుల దూరం. అందుకని రోడ్డుకు అటొక వరస, ఇటొక వరస.

ఏడు దాటాక హాస్టల్ మెస్ నుంచి కబురొచ్చింది. వంటమనిషికి గుండెలో నొప్పి, చెమటలు. ఎవరో 108కి ఫోన్ చేశారు. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవ ఇప్పుడు చిన్న పిల్లాడికి కూడా తెలుసు. బండి త్వరగానే వచ్చింది. గేటు తీసి, విజిల్ ఊదుకుంటూ దాని ముందు పరుగెత్తారాయన. లైబ్రరీ మలుపు దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది.

ఇరవై అడుగుల రోడ్డు. ఒక్కో బైకు ఆరున్నర అడుగుల పొడవు. రెండు వైపులా నిలువుగా పెడితే పదమూడు అడుగులు పోయాయి. మిగిలింది ఏడు. అంబులెన్సు అద్దాలతో కలిపి అంతకన్నా ఎక్కువే. ఒకటో తరగతి తీసివేత. అది చేయడానికి ఆ రోజు అక్కడ బండి పెట్టిన ఒక్కరికీ తీరిక దొరకలేదు.

హ్యాండిల్ లాక్ వేసిన బండి దొర్లదు. ఎత్తి జరపాలి. ఈయన ఒకవైపు, ఇద్దరు పిల్లలు ఒకవైపు. ఒకటి, రెండు, మూడు... అవతల ఇంకా చాలా ఉన్నాయి. అంబులెన్సులోని కుర్రాడు ఇక లాభం లేదని స్ట్రెచర్ దింపాడు. నలుగురూ కలిసి హాస్టల్ దాకా పరుగెత్తి, మనిషిని మోసుకొచ్చారు. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే పదివేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019లో సవరించిన చట్టం చెబుతోంది. కానీ మనిషి లేకుండా నిలబడిన బండిని 'తప్పుకో' అని ఎవరంటారు?

ఎంతసేపు ఆలస్యమైందో ఎవరూ గడియారం చూడలేదు. ఆయన లెక్క మాత్రం ఒక్కటే. 'అయిదు నిమిషాలకు తక్కువుండదు.'

వంటమనిషి బతికాడు. రెండు నెలల తర్వాత మళ్లీ పనిలోకి వచ్చాడు. ఇప్పుడు గుండిగలు దింపే పని చేయడం లేదు, కూరగాయలు తరుగుతున్నాడు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక ఓ కుర్రాడు కోపంగా గేటు దగ్గరికి వచ్చాడు. వాడి ఎర్ర బండి గడ్డిలో పక్కకు పడి ఉంది. అద్దం పగిలింది.

'ఎవరు పడేసిన్రు అంకుల్ నా బండిని?'

'నేనే బిడ్డా.'

జరిగింది చెప్పారు. గొంతు పెంచలేదు. కుర్రాడు లైబ్రరీలో ఉన్నాడు. చదువుకుంటున్నాడు పాపం. ఫోన్ సైలెంట్‌లో పెట్టాడు. చెడ్డవాడేమీ కాదు. ఆయన చెప్పింది విని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత అడిగిన మాట ఒక్కటే. 'ఆయనెట్ల ఉన్నడు?'

ఇంట్లో తాళంచెవి

ఇక్కడితో అయిపోతే ఇది విద్యార్థులకు చెప్పే నీతికథ అయ్యేది. కానీ కాలేదు.

ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఓ షోరూంలో పనిచేస్తూ వాయిదాల మీద బైకు కొన్నాడు. చిన్నవాడు ఇంటర్ రెండో సంవత్సరం. పదిహేడేళ్లు. సెలవు రోజుల్లో అన్న బండి మీద నాన్నకు మధ్యాహ్నం సద్ది తెచ్చేది వాడే. దూరం నుంచి కొడుకు బండి మీద వస్తుంటే ఆయనకు లోలోపల గర్వంగానే ఉండేది. తను ఎన్నడూ ఎక్కని బండి. కొడుకు ఎంత ఒడుపుగా తిప్పుతున్నాడో!

ఆ పండగ జరిగిన తర్వాతి ఆదివారం వాడు మామూలుగానే వచ్చాడు. నెత్తిన హెల్మెట్ లేదు. సరిగ్గా బోర్డు కిందే బండి ఆపి, టిఫిన్ డబ్బా పట్టుకుని దిగాడు.

'గీడ పెట్టకు.'

'అయిదు నిమిషాలే నాయినా. డబ్బా ఇచ్చి పోత.'

ఆయన నోట మాట రాలేదు. పదకొండేళ్లుగా ఊరందరి పిల్లల నోట విన్న మాట. ఇంట్లో ఇన్నాళ్లూ వినపడలేదా? లేక వినలేదా?

చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండితేగానీ బైకు నడపకూడదు. పదహారేళ్లకే నడపొచ్చన్న వెసులుబాటు 50 సీసీ మించని, గేర్లు లేని బళ్లకే. ఇప్పుడు రోడ్ల మీద కనిపించే పెట్రోలు స్కూటర్లలో చాలావాటి ఇంజిను అంతకు రెట్టింపు. మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే, 2019లో చేర్చిన 199-ఎ సెక్షన్ కింద శిక్ష పడేది తల్లిదండ్రులకు, లేదా బండి యజమానికి. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. ఈ వివరాలన్నీ ఉన్న కాగితం గేటు గదిలో గోడకు అంటించే ఉంది. రోజూ దాని కిందే కూర్చుని అన్నం తింటారాయన.

మన ఇళ్లలో జరిగేదీ ఇదే కదా! పాలపాకెట్టుకనో, ట్యూషనుకనో, చెల్లిని దింపి రమ్మనో తాళంచెవి ఇచ్చేది మనమే. 'సందు చివరిదాకే' అని సర్దిచెప్పుకునేదీ మనమే. పద్దెనిమిది నిండి కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి వాడికి రూలు అంటే ఏమిటో ముందే తెలిసిపోయి ఉంటుంది. అది ఇతరులకు!

ఆయన చెయ్యి చాపారు. 'తాళంచెవి ఇటియ్యి.'

'నేనెట్ల పోవాలె మరి?'

'నా సైకిలున్నది.'

వాడు చుట్టూ చూశాడు. పిల్లలు చూస్తున్నారు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మాట్లాడకుండా వేపచెట్టు కింద ఉన్న పాత సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. బైకును ఆయనే తోసుకుంటూ స్టాండు దాకా తీసుకెళ్లి, గీతల మధ్య నిలబెట్టారు. సాయంత్రం పెద్దవాడు వచ్చి తీసుకెళ్లాడు. ఇంట్లో రెండు రోజులు చిన్నవాడు తండ్రితో మాట్లాడలేదు. పుట్టినరోజు రాగానే లైసెన్సుకు పెట్టిద్దాం, అప్పటిదాకా ముట్టొద్దు అన్న ఒప్పందం మీద మూడో రోజు రాజీ కుదిరింది. అమ్మే మధ్యవర్తి.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నర. అదే గేటు. అదే బోర్డు. కొత్త బండి ఒకటి వచ్చి ఆగింది.

'అయిదు నిమిషాలే అంకుల్!'

ఎప్పుడూ అయితే ఆయన పక్కకు తిరిగి ఇంకో నంబరు రాసుకునేవారు. ఈసారి కదల్లేదు. కోపంగానూ లేరు.

'అయిదు నిమిషాలల్ల ఏమైతదో నాకెరుక బిడ్డా. గాడ స్టాండుంది. పెట్టి రా, నేను నీ బండిని చూస్తుంట.'

కుర్రాడు ఓ క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత బండిని వెనక్కి తిప్పాడు.